మూడు వేల ఒకటో అర

"బాధ్యుడి పేరు" అని అచ్చువేసిన గడి దగ్గర వేలు పెట్టి ఇంజనీరమ్మ నాకేసి చూసింది.

"ఇక్కడ పేరు రాయండి. కింద గడిలో తీసుకున్న చర్య. పనిలోంచి తొలగించాం అని ఒక్క ముక్క చాలు. శనివారం సాయంత్రంలోగా నా బల్ల మీద ఉండాలి."

"రాయకపోతే?"

"మీ కొట్టు పేరు మా జాబితాలో ఉండదు. ఇన్నేళ్ల పరిచయమని ఇంతవరకు ఆపాను. ఒక్క వారంలో మీ రింగులు పగిలి నాలుగు పంపులు ఆగిపోయాయండీ. రెండు రోజులు కొళాయిల్లో చుక్క రాలేదు. జనం నన్ను తిట్టిన తిట్లు మీకు అప్పజెప్పమంటారా?"

వద్దన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

ఆవిడ నీటి సరఫరా ఆఫీసులో కొనుగోళ్లు చూస్తుంది. నేను రబ్బరు రింగుల టోకు వ్యాపారిని. పంపులకీ, గొట్టాలకీ, కొళాయిలకీ నీళ్లు కారకుండా లోపల బిగించే రింగులు. నా సరుకులో మూడో వంతు ఆవిడ గేటులోంచే లోపలికి పోతుంది. దారంతా లెక్క వేసుకుంటూ నడిచాను. ఒక పక్క అమ్మకాల్లో మూడో వంతు. ఇంకో పక్క ఒక మనిషి. ఇందులో ఆలోచించడానికేముంది అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు. అరవై రెండేళ్లు వచ్చాక సిగ్గుపడటానికి కూడా ఓపిక కావాలి.

ఆ మనిషి మా గోదాములో పనిచేసే నిచ్చెన. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. ఆరడుగుల పైన మరో నాలుగు వేళ్ల పొడవు, రోజంతా నిచ్చెన ఎక్కి దిగే పని, ఇంక ఆ పేరు అంటుకోకుండా ఎలా ఉంటుంది? పంతొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు.

నేను వెళ్లేసరికి పై వరసలో సొరుగులాంటి ఒక అర తీసి, రింగుల్ని ఒక్కొక్కటే వేలికి తగిలించి సాగదీసి చూస్తున్నాడు. రబ్బరు చిత్రమైన సరుకు. ఊరికే కూర్చున్నా ముసలిదైపోతుంది. ఒకదాన్నొకటి అంటుకుంటుంది, ఎండిపోతుంది, సన్నగా పగులుతుంది. పైకి చూస్తే తెలియదు, సాగదీస్తేనే బయటపడుతుంది. అందుకని ఏడాదికి ఒక్కసారైనా ప్రతి అరా తెరిచి, రింగులు విడదీసి, చూసి, పౌడరు చల్లి, మళ్లీ సర్ది, లోపలున్న కార్డు మీద తారీకు వేయాలి. అదే నిచ్చెన పని. రోజుకి పన్నెండు అరలు.

"కిందికి దిగు" అన్నాను.

దిగాడు. చేతులకున్న పౌడరు చొక్కాకి తుడుచుకున్నాడు. ఇంజనీరమ్మ పంపిన నాలుగు రకాల పగిలిన రింగులూ బల్ల మీద పోశాను. వాటి అరల నంబర్లు అప్పటికే చూసి ఉంచాను. అరవై, ఎనిమిది వందల నలభై నాలుగు, పంతొమ్మిది వందల రెండు, రెండు వేల రెండు వందల పదహారు. ఆ నాలుగు అరల్లోని కార్డులూ బల్ల మీద పరిచాను.

"చదువు."

చదివాడు. నాలుగింటి మీదా చివరి తారీకు రెండేళ్ల కిందటిది.

"రెండేళ్లుగా ఈ అరలు తెరవలేదు నువ్వు."

"తెరవలేదయ్యా. వాటి వంతు రాలేదు."

"వంతు రాకపోవడమేంటయ్యా? రెండేళ్లలో రాని వంతు ఇంకెప్పుడొస్తుంది?"

"వరస ప్రకారమే తీశానయ్యా. పుస్తకంలో రాసే ఉంది."

"పుస్తకంలో ఏం రాయడానికైనా పెన్నుంటే చాలు."

ఆ మాటకి అతను నాకేసి చూసి, ఏదో అనబోయి, మానేశాడు. ఆ మానేయడాన్ని నేను తప్పు ఒప్పుకున్నట్టు లెక్క వేసుకున్నాను. శనివారం దాకా పనిచేసి వెళ్లిపొమ్మన్నాను. సరేనని మళ్లీ నిచ్చెనెక్కి, సగంలో వదిలిన అర పూర్తిచేశాడు. కార్డు మీద తారీకు వేశాడు. కోప్పడితే నాకు కొంచెం సులువయ్యేది.

చిక్కు ఇంకొకటి ఉంది. కొత్తవాడిని పెట్టినా ఆ వరస లెక్క వాడికి ఎవరు నేర్పాలి? అది తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడిని పొమ్మన్నాను. రెండోవాడు మా అక్క మొగుడు. నిచ్చెన రాసిన పుస్తకం చంకలో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే బావ ఇంటికి బయల్దేరాను.

ఆ లెక్క పుట్టిందే బావ బుర్రలోంచి. ఆయన బడిలో లెక్కల మాస్టారు. పన్నెండేళ్ల కిందట ఆ బడి మూసేస్తే, ఇంట్లో ఊరికే కూర్చోలేక నా గోదాముకి వచ్చాడు. అప్పటికి అరలు మూడు వేలు. గోడ పొడుగునా పదేసి అరల వరసలు, మూడు వందల వరసలు. అప్పట్లో పనివాళ్లు ఒకటో అర నుంచి వరసగా తీసేవాళ్లు. చేతికందే అరలు బాగానే తీసేవాళ్లు. నెత్తి మీదవీ, మోకాళ్ల కిందవీ వచ్చేసరికి కార్డు మీద తారీకు పడేది గానీ లోపల రింగు కదిలేది కాదు. ఆ పక్కదాని తర్వాత ఈ పక్కది, రేపు ఎక్కడ ఉంటారో ఇవాళే తెలుసు, కునుకు తీస్తూ చేసే పని.

బావ వారం రోజులు చూసి అన్నాడు. "వరసగా కాదురా. అంగ వేసి తీయించు."

"అంగేంటి?"

"ఇవాళ ఒకటో అర తీశావనుకో. తర్వాత దానికి పదకొండు వందల ఎనభై ఆరు కలుపు. పదకొండు వందల ఎనభై ఏడో అర. మళ్లీ అంతే కలుపు. మొత్తం దాటిపోతే మొత్తాన్ని తీసేసి మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టు, గడియారంలో ముల్లు తిరిగినట్టు. తర్వాతి అర పైనో కిందో, ఈ మూలో ఆ మూలో. మనిషి మెలకువగా ఉంటాడు."

"కొన్ని అరలు తప్పిపోతే?"

"అదీ అడగాల్సిన మాట" అని బావ సంబరపడ్డాడు. బడి పోయాక ఆయన్ని ఎవరూ ప్రశ్న అడిగినట్టు లేదు. "మూడు వేలైతే తప్పిపోతాయి. మూడు వేలకి చుట్టాలెక్కువ. రెండు, మూడు, అయిదు, వాటి పిల్లలు. నీ అంగ వాళ్లలో ఎవరితో చుట్టరికం కలిపినా కొన్ని అరల ముఖం చూడకుండానే తిరిగి ఒకటికి వచ్చేస్తుంది. అదే ఒక్క అర ఎక్కువ చేయించావనుకో, మూడు వేల ఒకటి. దానికి ఒకటీ, తనూ తప్ప ఎవరూ లేరు."

"పాపం, అనాథా?"

"ప్రధాన సంఖ్య. దాంట్లో ఏ అంగ వేసినా సరే, రెండైనా, వెయ్యైనా, అన్ని అరలూ ఒక్కొక్కసారి తొక్కాకే మొదటికి వస్తుంది. ముందూ కాదు, వెనకా కాదు."

సరుకు కట్టే అట్ట మీద పదహారు భాగహారాలు చేసి చూపించాడు. రెండుతో మొదలుపెట్టి యాభై మూడు దాకా, ప్రధాన సంఖ్యలతో మాత్రమే. ఏదీ నిశ్శేషంగా పోలేదు. ఆ పైన చూడక్కర్లేదట. ఏదైనా పెద్దది దాన్ని భాగించేటట్టయితే దానికి జోడీగా చిన్నది ఒకటి ముందే దొరికిపోయేదట. నాకు సగమే అర్థమైంది. కానీ వడ్రంగిని పిలిచి మూడు వేల ఒకటో అర చేయించాను. అందులో పెట్టడానికి సరుకు లేదు. ఖాళీగానే ఉండేది. కొత్త వరసలో మొదటి అర అది, పక్కన తొమ్మిది అరల చోటు బోసిగా. గోడ మీద నల్లబల్ల పెట్టి బావ పైన రెండే అంకెలు రాశాడు. అంగ 1186, మొత్తం 3001.

పదేళ్లు సాగింది. ఏడాదికి ఒక చుట్టు. రోజుకి పన్నెండు చొప్పున రెండొందల యాభై పనిరోజులు, పై రోజున మిగిలిన ఒక్క అర. పదేళ్లలో ఒక్క రింగు వెనక్కి రాలేదు. తర్వాత బావకి కళ్లు తగ్గాయి. ఆపరేషను అయింది గానీ చూపు సరిగ్గా రాలేదు. రావడం మానేశాడు. అప్పటికి నిచ్చెనకి కూడటం, తీసేయడం బాగా వచ్చేసింది. బావ లేకపోయినా పని నడిచిపోయింది. నడిచిపోతుంటే నేను చూడ్డానికి కూడా వెళ్లలేదు.

తలుపు తీసింది అక్క.

"ఓహో, దారి తప్పావా తమ్ముడూ?"

"రాకపోతే తిడతావు, వస్తే ఎత్తిపొడుస్తావు."

"తిడదామంటే మనిషి కనబడాలి కదరా. ఎనిమిది నెలలైంది. ఏదో పని పడి ఉంటుంది. ఊరికే వచ్చే ముఖమా నీది?"

లోపల బావ కిటికీ పక్కన కుర్చీలో వెలుతురు వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నా గొంతు విని నవ్వాడు.

"ఏరా బావమరిదీ, రింగులెలా సాగుతున్నాయి?"

"సాగట్లేదు బావా. పగులుతున్నాయి."

విషయం చెప్పాను. నాలుగు పంపులు, ఇంజనీరమ్మ, కాగితం, నిచ్చెన పని ఎగ్గొట్టడం, శనివారం. కొత్తవాడికి లెక్క నేర్పాలని చెప్పాను. 

"వాడు ఎగ్గొట్టాడా?" అన్నాడు బావ. "వాడు ఎగ్గొట్టే మనిషి కాదే."

"కార్డులు చూశాను బావా. రెండేళ్లు."

"పుస్తకం తెచ్చావా? చదువు. ఈ చుట్టు మొదట్నుంచి."

తెరిచి చదివాను. "ఒకటి. పదకొండు వందల ఎనభై ఏడు. రెండు వేల మూడు వందల డెబ్బై మూడు. అయిదు వందల నలభై తొమ్మిది..."

"ఆగు." బావ చెయ్యెత్తాడు. "అయిదు వందల ఎంత?"

"నలభై తొమ్మిది."

"యాభై ఎనిమిది కదా రావాలి. మూడు వేల అయిదు వందల యాభై తొమ్మిదిలోంచి మూడు వేల ఒకటి తీసేస్తే అయిదు వందల యాభై ఎనిమిది. పదేళ్లు ప్రతి ఏడాదీ నాలుగో అర అదే. వాడు తీసివేత తప్పాడా?"

 అక్క టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నా ముఖం బావకి కనబడదు గానీ ఆవిడకి కనబడుతోంది.

"వాడు తప్పలేదు" అన్నాను. "మూడు వేల పది తీశాడు."

"మూడు వేల పదెక్కడిది?"

చెప్పక తప్పలేదు. రెండేళ్ల కిందట, బావ కంటికి కట్టు కట్టుకుని ఇంట్లో పడుకున్న రోజుల్లో, వడ్రంగి దగ్గర చెక్కలు మిగిలాయి. బోసిగా ఉన్న ఆ తొమ్మిది అరల చోటు నాకు ఎప్పుడూ కంట్లో నలుసులా ఉండేది. అద్దె కడుతున్న గోడ మీద అంత చోటు ఊరికే పోతోంది. తొమ్మిది అరలు చేయించేశాను. వరస నిండింది. కొత్త సైజులు పెట్టాను. నల్లబల్ల మీద 3001 చెరిపి, నా చేత్తో 3010 అని రాశాను. అరలు పెరిగితే మొత్తం పెరగాలి కదా అన్నదే నాకు తెలిసిన లెక్క.

బావ తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు.

"చదువుతూ ఉండు. నంబరు చెప్పొద్దు. సరో బేసో చెప్పు."

వేలు పెట్టి చూసుకుంటూ చదివాను. బేసి. బేసి. బేసి. పేజీ తిప్పాను. బేసి. ఇంకో పేజీ. పది పేజీలు తిరిగేసరికి నా గొంతు నాకే వినబడటం మానేసింది.

"చాల్లే" అన్నాడు బావ. "అంగ సరి సంఖ్య. మొత్తం బేసిగా ఉన్నన్నాళ్లూ చుట్టు తిరిగినప్పుడల్లా బేసిలోంచి సరిలోకీ, సరిలోంచి బేసిలోకీ మారేది. నువ్వు మొత్తాన్ని కూడా సరి చేశావు. బేసి నుంచి బయల్దేరినవాడు చచ్చేదాకా తిరిగినా బేసిలోనే ఉంటాడు. సగం అరల వంతు ఎప్పటికీ రాదురా. వాడు చెప్పింది నిజం."

"పదిహేను వందల అయిదు అరలు" అన్నాను. అది మాత్రం నాకు వెంటనే వస్తుంది.

"అయితే చుట్టు సగంలోనే అయిపోయి ఉండాలే. ఏడాది పట్టేది ఆరు నెలలకే అయిపోయి ఉంటుంది. నీకు అనుమానం రాలేదూ?"

రాలేదు. వచ్చింది సంతోషం. మొదటిసారి నిచ్చెన వచ్చి చుట్టు అయిపోయిందయ్యా అంటే, ఇంత తొందరగానా అని భుజం తట్టి, చొక్కా గుడ్డా రెండు రోజుల సెలవూ ఇచ్చాను. కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాను కూడా, బావ రావడం మానేశాక నా అజమాయిషీలో పని రెండింతలు జోరుగా నడుస్తోందని. ఆ ముక్క మాత్రం ఆ పూట బావకి చెప్పలేదు.

అక్క టీ కప్పు నా చేతిలో పెట్టింది. "తాగు" అంది. ఎత్తిపొడవలేదు. అంటే నా ముఖం బాగా పాడై ఉంటుంది.

కాసేపటికి అడిగాను. "ఆ తొమ్మిదీ పీకించాలా బావా? వాటినిండా సరుకుంది."

"పీకించకుండా ఇంకోదారి ఉందేమో చూడు. ఇంకొక్కటి కలిపితే?"

"మూడు వేల పదకొండా?"

"భాగించి చూడు. నాకు కనబడదు, నువ్వే చెయ్యి."

"ఫోనులో నొక్కితే చెప్పదా?" అంది అక్క.

"ఫోనుకి తెలుస్తుంది. వీడికి తెలియదు" అన్నాడు బావ.

అక్క సామాన్ల జాబితా రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చించి ఇచ్చింది. బడి వదిలిన ఇన్నేళ్ల తర్వాత బావ ముందు పిల్లవాడిలా కూర్చున్నాను. ఆయన ఒక్కో అంకె చెబుతాడు, నేను భాగిస్తాను, శేషం చెబుతాను. నా బతుకంతా శేషం లేకుండా చూసుకోవడమే. డజన్లు డజన్లుగా పోవాలి, పెట్టెలు నిండాలి, చివర ఏమీ మిగలకూడదు. ఆ పూట మొదటిసారి ప్రతి భాగహారంలోనూ ఏదో ఒకటి మిగలాలని కోరుకున్నాను.

రెండుకి ఒకటి మిగిలింది. మూడుకి రెండు. అయిదుకి ఒకటి. ఏడుకి ఒకటి.

"మూడుకి తప్ప అన్నిటికీ ఒకటేనేం?"

"మూడు వేల పదిలో రెండూ, అయిదూ, ఏడూ దూరి కూర్చున్నాయి. వాటి పక్కన ఒక్కటి పెడితే ఒక్కటే మిగులుతుంది. నలభై మూడు కూడా అంతే, చూస్తూ ఉండు."

పదకొండుకి ఎనిమిది, పదమూడుకి ఎనిమిది, పదిహేడుకి రెండు. పంతొమ్మిదికి తొమ్మిది. ముప్ఫై ఒకటి దగ్గర గుణకారం తప్పి శేషం సున్నా వచ్చింది.  బావ గద్దించాడు, మళ్లీ చేశాను, నాలుగు వచ్చింది. నలభై మూడుకి ఆయన చెప్పినట్టే ఒకటి. చివర యాభై మూడుకి నలభై మూడు మిగిలింది.

"అంతేనా?"

"అంతే. మూడు వేల పదకొండుకీ ఎవరూ లేరు. ఇంకొక్క అర కొట్టించు, బల్ల మీద అంకె మార్చు. ఈసారి ఎవడైనా చెక్కలు మిగిలాయని వస్తే ముందు నా దగ్గరికి రా." ఆగి అన్నాడు. "నిచ్చెన సంగతేం చేస్తావు?"

జేబులో కాగితం ఉంది. దాన్ని తడిమి చూసుకుని లేచాను.

ఆ మధ్యాహ్నం గోదాములో నేనూ నిచ్చెనా ఇద్దరమే ఉన్నాం. అతను ముందు గదిలో పెట్టెల మీద కూర్చుని డబ్బాలో అన్నం తింటున్నాడు. ఎదురుగా ఇంకో పెట్టె మీద కూలబడ్డాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"బావ దగ్గరికి వెళ్లొచ్చాను. అంకె నేను మార్చడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. సరి అరలు నీకు రాకపోవడం నీ తప్పు కాదు."

తల ఊపాడు. ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా?"

"ఎందుకనేది తెలియదయ్యా. సరి అంకెలు రావట్లేదని మాత్రం తెలుసు. రెండు నెలలకే తెలిసింది. మీకు చెప్పాను కూడా."

"నాకెప్పుడు చెప్పావు?"

"మీరు ఫోనులో ఉన్నారు. సరి అంకెలు రావట్లేదయ్యా అన్నాను. రాకపోతే నీకు పని తగ్గినట్టేగా, వెళ్లి చూసుకో అన్నారు."

గుర్తు రాలేదు. కానీ ఆ మాట నాదేనని విన్న వెంటనే తెలిసింది. అచ్చం నేను మాట్లాడినట్టే ఉంది.

"నిన్న నేను అన్నేసి మాటలంటుంటే అప్పుడెందుకు చెప్పలేదయ్యా?"

డబ్బా మూత పెట్టాడు. "మీరేగా అన్నారు అంటే ఎదురు చెప్పినట్టుంటుంది. అయినా పెన్నుంటే ఏదైనా రాయొచ్చన్నారు. ఇంక నోటితో చెప్పింది మాత్రం నమ్ముతారా?"

 నీళ్ల సీసా అతని వైపు జరిపాను. తాగాడు.

శనివారం మధ్యాహ్నానికి కాగితం నింపాను. బాధ్యుడి పేరు గడిలో నా పేరు రాశాను. చర్య అనే గడి దగ్గర చాలాసేపు ఆగాను. నన్ను నేను ఎలా తొలగించుకోవాలి? చివరికి, గోదాములో అరల సంఖ్య మార్చే అధికారం ఇకపై యజమానికి లేదు, అది మా లెక్కల మాస్టారిది, అని రాశాను. పగిలిన రింగుల బదులు కొత్తవి ఒక పెట్టెలో సర్దుకుని ఆఫీసుకి వెళ్లాను.

ఇంజనీరమ్మ రెండుసార్లు చదివింది.

"ఇదేం రాతండీ? నేనడిగింది పనివాడి పేరు."

"పనివాడి తప్పు లేదు మేడమ్. సగం అరలు తెరుచుకోకుండా నేనే కట్టడి చేశాను. తెలియక."

చెప్పుకొచ్చాను. 3001, 3010, అంగ, బేసి, సరి. నాకు వచ్చినంతవరకు చెప్పాను. సగంలోనే ఆవిడ పెన్ను తీసుకుని కాగితం అంచున గబగబా ఏదో వేసుకుంది. నాకంటే ముందే చివరికి చేరింది.

"మా పంపుల పళ్లచక్రాల్లోనూ ఇదే పని చేస్తారు" అంది. "ఒకదానికి ముప్ఫై ఏడు పళ్లు, ఇంకోదానికి ఇంకేదో. ప్రతి పన్నూ ప్రతి పంటితోనూ కలిసేలా, అన్నీ సమానంగా అరిగేలా. మీ బావగారు ఎక్కడ చదువుకున్నారు?"

"ఎక్కడా లేదండీ. బడిలో పిల్లలకి చెప్పేవాడు."

తల పంకించింది. ముఖం కొంచెం మెత్తబడింది గానీ పెన్ను మెత్తబడలేదు.

"నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన మా వాళ్లు ఊరుకోరు. మనిషిని తీసేశామంటే అక్కడితో ముగిసేది. మీరే బాధ్యులంటే కొట్టు మీదికి వస్తుంది. ఆరు నెలలు మీ దగ్గర కొనం. తర్వాత నేనే వచ్చి నాకు తోచిన యాభై అరలు తీయించి చూస్తాను. ఇంకా మార్చుకోవాలంటే ఇప్పుడే మార్చుకోండి. కొత్త కాగితం ఇస్తాను."

సొరుగు తీసి ఖాళీ కాగితం బల్ల మీద పెట్టింది. నిజంగానే పెట్టింది. నేను దానికేసి చూశాను. ఆరు నెలలు, మూడో వంతు. లెక్క దానంతట అదే పూర్తయింది. ఎంత పోతుందో పైసలతో సహా కళ్లముందు నిలబడింది. అలిసిపోయి ఉన్నాను. మార్చాలంటే ఒక అబద్ధం కట్టి, దాన్ని గుర్తుపెట్టుకుని, రోజూ ఆ ఖాళీ నిచ్చెనకేసి చూస్తూ గడపాలి. అదీ లెక్కలోకి వేశాను.

"అదే ఉంచండి" అన్నాను.

గోదాముకి వచ్చేసరికి నిచ్చెన తన సామాను సర్దుకుంటున్నాడు. ఒక గిన్నె, ఒక తువ్వాలు, పాత చెప్పులు.

"సోమవారం రా" అన్నాను. జరిగింది చెప్పాను. నా పేరు రాసిన సంగతి చెబుతుంటే తువ్వాలు మడతపెట్టడం ఆపి విన్నాడు.

"ఆరు నెలలు పోతాయా అయ్యా?"

"పోతాయి."

పెదవి విరిచాడు. నా కోసం బాధపడుతున్నాడో, లెక్క చూస్తున్నాడో తెలియలేదు.

"వచ్చేవాడినేగానీ, బజారు చివర గొట్టాల కొట్టాయనకి మాటిచ్చేశాను. ఒకటో తారీకున చేరతానన్నాను. అక్కడ అరలు రెండొందలే. నిచ్చెన కూడా అక్కర్లేదు, చెయ్యెత్తితే అందుతాయి."

ఇది నేను వేసుకున్న లెక్కలో ఎక్కడా లేదు. అతన్ని ఉంచుకోవడానికి ఎంత పోతుందో అన్నదే చూసుకున్నాను. పొమ్మన్న మనిషి పోవడానికి సిద్ధపడతాడని తోచలేదు.

"చెప్పి మాన్పించుకోలేవా?"

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకునేది ఎలాగయ్యా?"

"సరే" అన్నాను.  పెట్టె మీద కూర్చున్నాను. అతను అరల గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఆ సరి అరలన్నీ ఎవరు తీస్తారు?" అన్నాడు.

"ఎవడో ఒకడిని చూసుకోవాలి. నేను నిచ్చెనెక్కలేను."

"కొత్తవాడు అంటుకున్న రింగుల్ని లాగి చింపేస్తాడు. రెండేళ్లు కదలని సరుకది." కాసేపు తువ్వాలు భుజం మీద వేసుకుని, తీసి, మళ్లీ వేసుకున్నాడు. "గొట్టాలాయనతో ఒకటో తారీకనే అన్నాను గానీ, ఏ నెలో అనలేదు."

నేను తలెత్తాను.

"సరి అరలన్నీ ఒకసారి తీసి, సర్దిపెట్టి వెళ్తాను. ఎన్ని రోజులు పడుతుందంటారు?"

"పదిహేను వందల అయిదు. రోజుకి పన్నెండు చొప్పున నూట ఇరవై ఆరు రోజులు."

"పన్నెండు తీయలేనయ్యా ఈ వయసులో. పదే తీస్తాను."

నూట యాభై ఒక్క రోజు. చివరి రోజు అయిదే. నోటితో చెప్పలేదు. అతనూ అడగలేదు. సర్దుకున్న గిన్నె తీసి మళ్లీ కిటికీలో బోర్లించి, నిచ్చెన జరిపి, రెండో నంబరు అర దగ్గర ఆన్చాడు.